పురాతన వస్త్రాల్లోని జలతారును ప్రయోగశాలలో పరిశీలించడం ఎలా?

తవ్వకాల్లో దొరికిన వస్త్రపు తునకలో లోహపు పోగు ఒకటి మెరిసిందంటే, అది బంగారమేనా అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. జవాబు చెప్పగల యంత్రాలు ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో ఉన్నాయి. నమూనాను లోపల పెట్టిన కొద్ది నిమిషాల్లోనే మూలకాల శాతాలు తెర మీద కనబడతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే జలతారు ఒకే ముద్దగా ఉండే లోహం కాదు. పట్టు దారమో నార దారమో లోపల ఉంటుంది, దాని చుట్టూ వెండి పట్టీ ఉంటుంది, ఆ పట్టీ మీద మైక్రోమీటరులో కొద్ది వంతు మందం మాత్రమే ఉన్న బంగారు పూత ఉంటుంది, ఆ పూత మీద శతాబ్దాల పాటు మట్టిలో పెరిగిన క్లోరైడు, సల్ఫైడు పొరలు ఉంటాయి. యంత్రం ఇచ్చిన అంకె వీటిలో ఏ పొరకు చెందినదో తెలియనంతవరకు దానికి అర్థం లేదు. కనుక పోగు నిర్మాణాన్ని ముందు తేల్చుకుని, రసాయన విశ్లేషణను ఆ తరువాతే చేపట్టే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. మ్యూజియం ప్రయోగశాలల్లో కొత్తగా ఈ పనికి దిగేవారినీ, వస్త్ర సంరక్షణ చదివే విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకుని రాసిన క్రమమిది.

ముందుగా రకాలను తెలుసుకోండి

ఏమేమి ఎదురుకావచ్చో తెలిసినవారికే కనబడిన దానిని గుర్తించడం సాధ్యమవుతుంది. అన్నిటికంటే పాతది, బంగారాన్ని పల్చని రేకుగా సాగగొట్టి, సన్నని పట్టీలుగా కత్తిరించి, వాటిని నేరుగా నేతలో వాడడం లేదా దారానికి చుట్టి వాడడం. బైబిలులోని నిర్గమకాండం 39వ అధ్యాయం యాజక వస్త్రాలను వర్ణిస్తూ సరిగ్గా ఈ పద్ధతినే చెబుతుంది. గ్రీసు దేశంలోని వెర్గీనాలో 1977లో మనోలిస్ ఆండ్రోనికోస్ తెరిచిన రాజసమాధిలో, క్రీస్తు పూర్వం 4వ శతాబ్దానికి చెందిన ఊదారంగు వస్త్రం బంగారు పోగులతో సహా దొరికింది. మధ్యయుగాలకు వచ్చేసరికి బంగారు పూత వేసిన వెండి పట్టీలు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. వాటితో పాటే, జంతువుల పేగు పొర మీదనో, తోలు మీదనో, తూర్పు ఆసియాలో కాగితం మీదనో బంగారు రేకు అంటించి, పట్టీలుగా కోసి తయారుచేసిన చౌకరకాలు కూడా ఉన్నాయి. కమ్మచ్చు రంధ్రాల గుండా లాగి సన్నగా తీసిన తీగ, ఆ తీగను రోలర్ల మధ్య నొక్కి చదును చేసిన పట్టీ మరొక వర్గం. రాగి, ఇత్తడి పోగులకు పల్చగా వెండి లేదా బంగారు పూత వేసి అసలు జలతారుగా చెలామణి చేసినవి కూడా తక్కువేమీ కాదు.

ఈ వర్గాలలో మీ చేతిలోని పోగు దేనికి చెందుతుందో చెప్పడమే పరిశీలనలో సగభాగం. ఆ పనికి ఖరీదైన యంత్రం అవసరమయ్యే సందర్భాలు మీరు అనుకున్నదాని కంటే తక్కువగానే ఉంటాయి.

1. శుభ్రం చేయకండి, ముందు నమోదు చేయండి

వస్త్రం మట్టిగడ్డలో ఇరుక్కుని ఉంటే, గడ్డతో సహా ప్రయోగశాలకు చేర్చి ఎక్స్‌రే చిత్రం తీయించండి. బంగారం, వెండి ఎక్స్‌రేలను బలంగా అడ్డుకుంటాయి కాబట్టి, చుట్టూ ఉన్న నూలూ పట్టూ పూర్తిగా కుళ్లిపోయినా జలతారు వరసలు తెల్లని గీతలుగా కనబడతాయి, కొన్నిసార్లు అల్లిక నమూనా మొత్తం తెలుస్తుంది. మట్టిని తొలగించిన తరువాత ఆ అమరిక మళ్లీ దొరకదు.

నల్లబడిన వెండిని మెరిపించే ద్రావణాలను విశ్లేషణ పూర్తయ్యేవరకు దరిదాపులకు రానివ్వకండి. అవి సల్ఫైడు పొరను కరిగించడంతో ఆగవు. పల్చని బంగారు పూత కింద ఉన్న వెండిని తినివేసి, పూతను ఆధారం లేకుండా చేస్తాయి. పైగా ఆ చిలుములోనే లోపలి దారపు ఆనవాళ్లు, పాతిపెట్టిన నేల రసాయన చరిత్ర దాగి ఉంటాయి. మురికిగా కనబడుతున్నది మీకు కావలసిన సాక్ష్యమే కావచ్చు.

2. తక్కువ వర్ధనంలో ఎక్కువసేపు చూడండి

పది నుంచి యాభై రెట్ల వరకు పెంచి చూపే స్టీరియో సూక్ష్మదర్శిని కింద, పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుతురులో, పోగును తాకకుండా పరిశీలించండి. రాసుకోవలసినవి ఇవి: పట్టీ వెడల్పు, చుట్టిన పోగు మొత్తం వ్యాసం, ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని చుట్లు ఉన్నాయి, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఖాళీ ఉందా లేక అంచులు ఒకదానినొకటి తాకుతున్నాయా, మెరుపు రెండు వైపులా ఉందా ఒకే వైపు ఉందా, లోపలి దారం ఏ రంగులో ఉంది.

చుట్టిన దిశను కూడా రాయాలి. పోగును నిలువుగా ఉంచి చూసినప్పుడు చుట్ల వాలు ఎడమ పైభాగం నుంచి కుడి కిందికి ఉంటే దానిని ఎస్-పురి అనీ, కుడి పైభాగం నుంచి ఎడమ కిందికి ఉంటే జెడ్-పురి అనీ అంటారు. లోపలి దారానికి తన సొంత పురి వేరే ఉంటుంది, దానిని విడిగా నమోదు చేయండి. పోగును తలకిందులు చేసినా పురి మారదు గాని, ఫోటోను అద్దంలో ప్రతిబింబంలా తిప్పితే ఎస్ కాస్తా జెడ్ అయిపోతుంది. కొన్ని కెమెరా సాఫ్ట్‌వేర్లు మనకు చెప్పకుండానే బొమ్మను తిప్పుతాయి కనుక, ముద్రిత అక్షరాలున్న కాగితపు ముక్కను ఒకసారి అదే అమరికలో ఫోటో తీసి సరిచూసుకోవడం మంచిది.

లోపలి దారం రంగు చిన్న విషయంలా కనబడుతుంది. బంగారు జలతారుకు పసుపు లేదా ఎర్రని దారం, వెండి జలతారుకు తెల్లని దారం వాడే అలవాటు చాలా చోట్ల ఉండేది. చుట్ల సందుల్లోంచి కనబడే దారం లోహపు రంగును చెడగొట్టకుండా ఉండడమే అందులోని ఉద్దేశం. పూత పూర్తిగా అరిగిపోయిన పోగులో పసుపు దారం కనబడితే, మిగిలిన బంగారపు ఆనవాళ్ల కోసం మరింత శ్రద్ధగా వెతకవలసి ఉంటుంది. దారమే మిగలని పోగుల్లో మరొక ఆధారం ఉంటుంది. బంగారు పట్టీ స్ప్రింగులా తన ఆకారాన్ని నిలుపుకుంటుంది కాబట్టి, ఆ చుట్ట లోపలి వ్యాసాన్ని కొలిస్తే ఒకప్పటి దారం ఎంత లావు ఉండేదో తెలుస్తుంది.

3. నమూనాను తీసే ముందు ప్రశ్నను రాసుకోండి

నమూనా అంటే వస్తువులో కొంత భాగాన్ని శాశ్వతంగా పోగొట్టుకోవడమే. ఏ ప్రశ్నకు జవాబు కోసం తీస్తున్నారో ఒక వాక్యంలో రాయలేకపోతే తీయకండి. రాయగలిగితే, వస్త్రానికి బాధ్యులైన అధికారి రాతపూర్వక అనుమతి తీసుకుని, ఇప్పటికే విడిపోయి ఉన్న కొసల నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క తీసుకుంటే చాలు. మరమ్మతు చేసిన చోటు నుంచి తీసిన ముక్క మరమ్మతు చరిత్రనే చెబుతుంది కాబట్టి, కుట్టు ఏ కాలానిదో ముందే ఆలోచించాలి.

సన్నని మొనల పట్టకారుతో మాత్రమే పట్టుకోండి. వెండిని రబ్బరు, ఉన్ని ఉన్న చోట ఉంచరాదు, ఎందుకంటే వాటినుంచి వెలువడే గంధక వాయువులు కొత్త మసకను పుట్టిస్తాయి. జిగురు టేపుకు అంటించి నిల్వ చేయడం మరీ చెడ్డ అలవాటు, తరువాత సేంద్రియ విశ్లేషణలో కనబడేదంతా ఆ జిగురే అవుతుంది. మూత ఉన్న చిన్న గాజు సీసా చాలు. ముక్కను తీసిన చోటును వస్త్రం ఫోటో మీద గుర్తించి, నమూనా సంఖ్య సీసా మీదా, ఫోటో మీదా, నోటుపుస్తకంలోనూ ఒకే రీతిలో రాయండి.

4. లోపలి దారాన్ని గుర్తించండి

ముక్కలోంచి రెండు మూడు దారపు పోచలను విడదీసి, ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద చూడండి. పత్తి పోచ మెలికలు తిరిగిన రిబ్బనులా, అవిసె నార వెదురు కణుపుల వంటి అడ్డగీతలతో, ఉన్ని పొలుసులతో, పట్టు నునుపుగా ఏ గుర్తులూ లేకుండా కనబడతాయి. పట్టుపోచను అడ్డంగా కోస్తే కోణాలు గుండ్రబడిన త్రికోణంలా ఉంటుంది.

రాగి, వెండి అయాన్లు సూక్ష్మజీవులను చంపుతాయి కాబట్టి, మిగతా వస్త్రం మాయమైన చోట కూడా లోహాన్ని ఆనుకుని ఉన్న పోచలు నిలిచి ఉండడం తరచుగా చూస్తాం. కొన్నిసార్లు పోచ పోయి, దాని చుట్టూ గట్టిపడిన లోహ లవణాలు అచ్చులా మిగులుతాయి. అలాంటప్పుడు మామూలు సూక్ష్మదర్శినికి ఏమీ అందదు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆ అచ్చు లోపలి గోడ మీద ఉన్నిపొలుసుల ముద్రలు గాని, నార కణుపుల ముద్రలు గాని ఉన్నాయేమో వెతకాలి.

5. పట్టీ అంచులను, ఉపరితలాన్ని చదవండి

స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ముక్కను కార్బన్ టేపు మీద నిలిపి, ఏ పూతా వేయకుండా చూడండి. నమూనా మీద కార్బన్ లేదా బంగారం చిమ్మడం ఇతర పరిశోధనల్లో మామూలే గాని, బంగారాన్ని వెతికే చోట బంగారపు పూత వేయడం ఎంత అసంబద్ధమో వేరే చెప్పనక్కరలేదు. లోపలి దారం వల్ల విద్యుదావేశం పేరుకుని బొమ్మ చెదిరిపోతుంటే తక్కువ శూన్యపు పద్ధతికి మారండి.

ద్వితీయ ఎలక్ట్రాన్ల బొమ్మ ఉపరితలపు ఎగుడుదిగుళ్లను చూపిస్తుంది, వెనుదిరిగిన ఎలక్ట్రాన్ల బొమ్మ పరమాణు సంఖ్యను బట్టి వెలుగును చూపిస్తుంది. రెండవ దానిలో బంగారం ప్రకాశవంతంగా, వెండి అంతకంటే మసకగా, సల్ఫైడు ఇంకా మసకగా, దారం దాదాపు నల్లగా ఉంటాయి. పూత ఎక్కడ మిగిలింది, ఎక్కడ ఊడిపోయింది అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.

తయారీ పద్ధతి అంచుల్లో ఉంటుంది. రేకును కత్తిరించి తీసిన పట్టీకి అంచులు పదునుగా, ఒక వైపు వంగిన పెళుసు కొనతో ఉంటాయి, వెడల్పు కూడా పోగు పొడవునా కొద్దిగా హెచ్చుతగ్గులవుతుంది. తీగను నొక్కి చదును చేసిన పట్టీకి అంచులు గుండ్రంగా ఉంటాయి, వెడల్పు సమంగా ఉంటుంది, కమ్మచ్చు గుండా లాగినప్పటి గీతలు పొడవునా సమాంతరంగా నిలిచి ఉంటాయి. సుత్తి దెబ్బలతో సాగిన రేకులో అలాంటి ఏకదిశ గీతలు కనబడవు. అయితే వాడుకలో ఒరుసుకుని పడిన గీతలను తయారీ గీతలుగా పొరబడకండి, ఒరిపిడి గీతలు చుట్టు పైభాగంలోనే ఉంటాయి, తయారీ గీతలు దారాన్ని ఆనుకున్న లోపలి వైపు కూడా ఉంటాయి. ఈ ఒక్క తేడా కోసమే పట్టీని జాగ్రత్తగా విప్పి, లోపలి ముఖాన్ని కూడా ఫోటో తీయాలి.

6. అడ్డుకోత లేకుండా ముందుకు వెళ్లకండి

నా మటుకు, నమూనా తీయడానికి అనుమతి ఉండి కూడా అడ్డుకోత లేకుండా వచ్చిన నివేదికను సగం నివేదికగానే చదువుతాను. పొరల వరసను, మందాన్ని, పూత ఏయే ముఖాల మీద ఉందో నేరుగా చూపగలిగేది అదొక్కటే.

ఒక మిల్లీమీటరు ముక్కను చిన్న ప్లాస్టిక్ క్లిప్పుతో నిలువుగా నిలబెట్టి, వేడెక్కకుండా నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ రెసిన్‌లో పోయండి. గట్టిపడ్డాక సిలికాన్ కార్బైడు కాగితాలతో ముతక నుంచి సన్నానికి క్రమంగా రుద్ది, ఆపైన 3, 1, 0.25 మైక్రోమీటర్ల వజ్రపు పొడితో మెరుగుపెట్టాలి. నీటిలో కరిగే లవణాలు చిలుములో ఉండవచ్చు కనుక నీటికి బదులు నీరు కలవని ద్రవాన్ని కందెనగా వాడండి. బంగారం, వెండి మెత్తని లోహాలు కావడం ఇక్కడ పెద్ద చిక్కు. రుద్దేటప్పుడు బంగారం పక్కకు పులుముకుని, అసలు పూత కంటే రెండు మూడు రెట్లు మందంగా కనబడవచ్చు, లేదా పూత లేని అంచు మీద కూడా ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. ప్రతి దశలోనూ తక్కువ ఒత్తిడితో ఎక్కువసేపు రుద్దడం, చివర్లో ఆర్గాన్ అయాన్ల పుంజంతో ఉపరితలాన్ని చెక్కడం దీనికి మందు. కేంద్రీకృత గాలియం అయాన్ పుంజం అందుబాటులో ఉంటే, రెసిన్ కూడా అక్కరలేకుండా పట్టీ మీదనే కొన్ని పదుల మైక్రోమీటర్ల గుంట తవ్వి, దాని గోడను చూడవచ్చు.

కోత సిద్ధమయ్యాక మొదట పట్టీ మొత్తం మందాన్ని కొలవండి. పూత వేసిన వెండి పట్టీలు చాలావరకు 5 నుంచి 20 మైక్రోమీటర్ల మధ్య ఉంటాయి. తరువాత బంగారం ఏయే ముఖాలను కప్పిందో చూడండి, ఎందుకంటే తయారీ క్రమం అందులోనే ఉంది. బంగారం పై ముఖం మీదో, రెండు ముఖాల మీదో ఉండి, పక్క అంచులు మాత్రం వట్టి వెండిగా కనబడితే, రేకుకు పూత వేసిన తరువాతే దానిని పట్టీలుగా కత్తిరించారని అర్థం. బంగారం అంచులతో సహా చుట్టూతా ఉంటే, వెండి కడ్డీకి ముందే బంగారం తొడిగి, దానిని తీగగా లాగి, ఆపైన చదును చేసి ఉండాలి. కడ్డీ మీద మందంగా వేసిన బంగారం తీగతో పాటే సాగుతూ చివరికి ఒక మైక్రోమీటరు కంటే పల్చనవుతుంది. విద్యుద్విశ్లేషణతో వేసిన పూత కూడా చుట్టూతా ఉంటుంది గాని, అది తయారీ గీతల మీద, గుంటల లోపల కూడా పరుచుకుంటుంది. లాగిన తీగ మీది బంగారానికైతే ఆ గీతలు తానే మోస్తూ ఉండక తప్పదు.

7. ఇప్పుడు మూలకాల విశ్లేషణ చేయండి

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి జతచేసిన ఎక్స్‌రే శోధకం, అంటే ఈడీఎస్, ఈ పనికి ఎక్కువగా వాడే సాధనం. దానిని సరిగ్గా వాడాలంటే ఎలక్ట్రాన్లు ఎంత లోతుకు వెళతాయో గుర్తుంచుకోవాలి. 20 కిలోవోల్టుల వద్ద అవి బంగారంలో సుమారు 0.9 మైక్రోమీటరు, వెండిలో దాదాపు 1.4 మైక్రోమీటర్లు చొచ్చుకుపోతాయి. 5 కిలోవోల్టుల వద్ద బంగారంలో 0.1 మైక్రోమీటరు కూడా దాటవు. అందువల్ల 0.3 మైక్రోమీటర్ల బంగారు పూత ఉన్న వెండి పట్టీని పైనుంచి 20 కిలోవోల్టుల వద్ద కొలిస్తే, పూతా వెండీ కలిసిపోయి, ప్రపంచంలో ఎవరూ తయారుచేయని ఒక బంగారు-వెండి మిశ్రమం తెర మీద ప్రత్యక్షమవుతుంది. ఇలాంటి అంకెలనే మిశ్రమ లోహపు కూర్పుగా ప్రచురించడం ఈ రంగంలో అరుదు కాదు.

అడ్డుకోతకు అనుమతి దొరకని సందర్భాల్లో ఈ బలహీనతనే ఆయుధంగా మార్చుకోవచ్చు. ఒకే బిందువును 5, 10, 20 కిలోవోల్టుల వద్ద వరుసగా కొలవండి. వోల్టేజీ పెరిగేకొద్దీ బంగారపు వాటా తగ్గి వెండి వాటా పెరిగితే, పల్చని బంగారం కింద వెండి ఉన్నట్టు. మూడు వోల్టేజీల వద్దా వాటా దాదాపు ఒకటే అయితే, కనీసం ఆ లోతు వరకు అది ఏకరూప మిశ్రమమే. పోలిక సరిగ్గా ఉండాలంటే మూడు కొలతల్లోనూ బంగారం వెలువరించే ఎక్స్‌రేలలో తక్కువ శక్తి గల ఎం రేఖనే వాడాలి, ఎందుకంటే ఎక్కువ శక్తి గల ఎల్ రేఖను ఉత్తేజపరచడానికి 12 కిలోవోల్టుల వరకు శక్తి కావాలి, తక్కువ వోల్టేజీల వద్ద అది పుట్టదు.

కోత దొరికితే పట్టీ నడిమధ్యలో, అంచులకు దూరంగా ఐదారు బిందువుల వద్ద కొలిచి, సగటును, వ్యత్యాసాన్ని రెండింటినీ ఇవ్వండి. ఉపరితలం మీది వెండి పాతిపెట్టిన కాలంలో తనలోని రాగిని నేలకు పోగొట్టుకుంటుంది కాబట్టి, బయట కొలిచిన వెండి ఎప్పుడూ ఉన్నదానికంటే స్వచ్ఛంగా కనబడుతుంది. కొలతకు ముందూ తరువాతా, కూర్పు ధ్రువీకరించిన ప్రామాణిక మిశ్రమాన్ని అదే అమరికలో కొలవడం తప్పనిసరి.

వర్ణపటంలో శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడే చోట్లను సాఫ్ట్‌వేరుకు వదిలేయకండి. గంధకం 2.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, సీసపు ఎం రేఖ 2.34 వద్ద ఉంటాయి కనుక, ఒకదానిని మరొకటిగా చూపడం సాఫ్ట్‌వేరుకు అలవాటు, సీసాన్ని 10.55 వద్ద ఉండే ఎల్ రేఖతో నిర్ధారించాలి. క్లోరిన్ 2.62 వద్ద ఉంటే, వెండికి చెందిన ఒక బలహీన రేఖ 2.63 వద్ద ఉంది. అందువల్ల స్వచ్ఛమైన వెండిలో కూడా చిటికెడు క్లోరిన్ ఉన్నట్టు కనబడుతుంది, నిజమైన క్లోరైడు అయితే శిఖరం అంతకంటే స్పష్టంగా పైకి లేస్తుంది. యశదపు (జింకు) బలహీన రేఖ 9.57 వద్ద, బంగారపు ఎల్ రేఖ 9.71 వద్ద ఉండి, పూత ఉన్న ఇత్తడిలో తికమక పెడతాయి.

పాదరసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరిచేసే మొలాము పద్ధతిలో, కొంత పాదరసం పూతలో మిగిలిపోతుంది. దాని ఎం రేఖ 2.20 వద్ద, బంగారపు ఎం రేఖకు ఆనుకునే ఉంటుంది కాబట్టి, 20 కిలోవోల్టులు అంతకు మించిన శక్తితో 9.99 వద్ద ఉండే ఎల్ రేఖను చూసి తీరాలి. ఆ రేఖ దొరికినా వెంటనే మొలాము అని రాసేయకండి. ఇంగిలీకపు ఎరుపు రంగులోనూ పాదరసం ఉంటుంది, మ్యూజియంలలో పురుగు పట్టకుండా ఒకప్పుడు పాదరస క్లోరైడు చల్లిన వస్త్రాలూ ఉన్నాయి. పాదరసం బంగారు పూతలోనే ఉండి, ఊడిపోయిన చోటా దారం మీదా లేకపోతేనే అది పూత పద్ధతికి సాక్ష్యం. పాదరసం లేకపోవడం రేకును వేడితో అతికించారనడానికి అనుకూలమే గాని, పూర్తి రుజువు కాదు.

చివరిగా, సాఫ్ట్‌వేరు ఇచ్చే శాతాల మొత్తం ఎప్పుడూ సరిగ్గా 100 అవుతుంటే సంతోషించకండి. అది మిగతాదానిని పక్కన పెట్టి సర్దిన మొత్తం. సర్దకముందు మొత్తం 80 దగ్గర ఉందంటే, వంకర ఉపరితలమో, రంధ్రమో, లెక్కలోకి రాని ఆక్సిజనో ఉన్నట్టు. ఈడీఎస్‌కు సుమారు 0.1 శాతం కంటే తక్కువగా ఉన్న మూలకాలు అందవు, కనుక దొరకలేదు అని రాయండి గాని, లేదు అని రాయకండి.

8. ముక్క తీయడానికి వీలులేనప్పుడు

ఎక్స్‌రేలు ప్రసరించి మూలకాలను గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం వస్త్రాన్ని తాకకుండానే పనిచేస్తుంది, అందుకే అందరికీ ఇష్టం. అయితే దాని కిరణం వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు, పోగు వ్యాసం మిల్లీమీటరులో మూడో వంతు. అది చదివేది జలతారును, పక్క పోగులను, మట్టిని, కింద పరిచిన బల్లను అన్నిటినీ కలిపి. పదుల మైక్రోమీటర్ల కిరణం ఉన్న సూక్ష్మ ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెరుగైనది. ఏది వాడినా, వెండిని 22 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కె రేఖతో గుర్తించండి, ఎందుకంటే 2.98 వద్ద ఉండే ఎల్ రేఖ పక్కనే గాలిలోని ఆర్గాన్ శిఖరం 2.96 వద్ద ఉంటుంది. ఈ పద్ధతితో ఏయే లోహాలు ఉన్నాయో నమ్మకంగా చెప్పవచ్చు. శాతాలు మాత్రం చెప్పకపోవడమే ఉత్తమం.

9. చిలుమును పేరుతో గుర్తించండి

గంధకం ఉందని తెలిసినంత మాత్రాన అది ఏ సమ్మేళనమో తెలిసినట్టు కాదు. ఎక్స్‌రే వివర్తనంతో వెండి సల్ఫైడు అయిన అకాంథైటు, మట్టిలో పెరిగే వెండి క్లోరైడు, రాగి మీద పెరిగే క్యుప్రైటు, మలకైటు, అటకమైటు వేర్వేరుగా తెలుస్తాయి. రామన్ వర్ణపటం కూడా పనికివస్తుంది గాని, వెండి క్లోరైడు కాంతికి మారిపోయే పదార్థం కాబట్టి లేజరు శక్తిని వీలైనంత తగ్గించండి. అదే క్లోరైడు ఎలక్ట్రాన్ పుంజం కింద కూడా చెదిరిపోతుంది, చూస్తూ ఉండగానే క్లోరిన్ శిఖరం తగ్గిపోతుంటే ఆశ్చర్యపడకండి. క్లోరైడు ఎక్కువగా ఉంటే పోగు నేలలో ఉన్నప్పుడు పాడయిందని, సల్ఫైడు మాత్రమే ఉంటే పాడవడం చాలావరకు గాలిలోనే జరిగిందని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది.

10. పట్టీ లోహం కాకపోతే

కోతలో బంగారం కింద వెండికి బదులు నల్లని సేంద్రియ పొర కనబడితే, పరారుణ వర్ణపటం తీయించండి. 1650, 1550 సెంటీమీటరు విలోమాల పరిసరాల్లో అమైడు శిఖరాలు ఉంటే ప్రోటీను, అంటే పేగు పొరో తోలో, వాటికి బదులు సెల్యులోజు కనబడితే కాగితం. తోలు మీద రోమకూపాల వరస కొన్నిసార్లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనే కనబడుతుంది. ఏ జంతువుదో తెలియాలంటే కొలాజెన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైముతో తునకలు చేసి, వాటి ద్రవ్యరాశులను స్పెక్ట్రోమీటరుతో కొలిచే పద్ధతి ఉంది. అతి చిన్న ముక్కతోనే పశువును, గొర్రెను, మేకను, పందిని వేరుచేయగలదు. రేకును అంటించిన జిగురు గుడ్డు తెల్లసొనా, జంతు జిగురా అన్నది కూడా ఇదే దారిలో తేలుతుంది.

11. కాలాన్ని నిర్ణయించేటప్పుడు

లోహపు కూర్పు చూసి తేదీ చెప్పమని అడిగేవారు తప్పక ఉంటారు. సాధారణంగా చెప్పలేం. వెండి, బంగారం కరిగించి మళ్లీ మళ్లీ వాడే లోహాలు, ఒకే కాలంలో ఒకే ఊళ్లో ఎన్నో వన్నెలు చెలామణిలో ఉంటాయి. కొన్ని హద్దులు మాత్రం గట్టివి. విద్యుత్తుతో బంగారు పూత వేసే పద్ధతికి ఎల్కింగ్టన్ కుటుంబీకులు బ్రిటన్‌లో 1840లో పేటెంటు పొందారు, కాబట్టి అలాంటి పూత నిస్సందేహంగా కనబడితే ఆ పోగు అంతకంటే పాతది కాదు. అల్యూమినియం పొర ఉన్న ప్లాస్టిక్ పట్టీ అయితే 20వ శతాబ్దంలోనో ఆ తరువాతో చేసిన మరమ్మతే.

తేదీ కావాలంటే లోపలి దారాన్ని రేడియోకార్బన్ పరీక్షకు పంపండి. దానికి కొన్ని మిల్లీగ్రాముల పట్టు కావాలి, కనుక మూడో మెట్టులో నమూనా పరిమాణం నిర్ణయించేటప్పుడే దీనిని ఆలోచించి ఉండాలి. అన్నిటికంటే మంచి ఆధారం వస్త్రం మీదనే ఉండవచ్చు. ఇంగ్లాండులోని డర్హమ్‌లో సెయింట్ కత్‌బర్ట్ శవపేటికను 1827లో తెరిచినప్పుడు దొరికిన బంగారు జలతారు కుట్టుపనికి 909-916 మధ్య కాలం అని చెప్పగలగడానికి కారణం లోహ విశ్లేషణ కాదు, దాని మీద కుట్టి ఉన్న రాణి పేరు, బిషప్ పేరు.

12. నివేదిక, నిల్వ

నివేదికలో ప్రతి శాతం పక్కన అది పట్టీ ఏ ముఖానిదో, ఉపరితలానిదా కోతదా, ఎన్ని కిలోవోల్టుల వద్ద, ఎంతసేపు, ఏ ప్రామాణికంతో కొలిచారో, మొత్తాన్ని 100కు సర్దారో లేదో రాయండి. పురి, వెడల్పు, చుట్ల సంఖ్య, మందం అంకెలను కూడా అదే పట్టికలో చేర్చండి, ఎందుకంటే మరొక చోట దొరికిన పోగుతో పోల్చేవారికి శాతాల కంటే ఇవే ముందుగా పనికివస్తాయి. వర్ణపటాల మూల ఫైళ్లను, బొమ్మలను కొలత గీతతో సహా భద్రపరచండి.

వస్త్రాన్ని ఉంచే పెట్టె పదార్థాన్ని ఆడీ పరీక్షతో ముందుగా సరిచూడండి. వెండి, రాగి, సీసపు బిళ్లలను ఆ పదార్థంతో పాటు తేమ ఉన్న సీసాలో 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 28 రోజులు ఉంచి, మసకబారుతాయేమో చూసే పరీక్ష ఇది. రెసిన్ కోతలను సిలికా జెల్ ఉన్న డబ్బాలో, వాడకుండా మిగిలిన ముక్కను దాని గాజు సీసాలోనే, వస్త్రపు నమోదు సంఖ్యతో కలిపి ఒకే చోట ఉంచండి. నమూనా పుస్తకంలో ఎంత తీశారో, ఎంత వాడారో, ఎంత మిగిలిందో మిల్లీమీటర్లలో రాసి సంతకం చేయండి. అలా రాసి ఉంటే, తరువాత వచ్చే పరిశోధకులు వస్త్రం నుంచి మళ్లీ ముక్క తీయకుండా ఈ సీసాతోనే పని మొదలుపెట్టవచ్చు.